తోటికోడలి చదువు

వేగంగా చదవడం నేర్పుతానని బోర్డు పెట్టుకుని బతికేదాన్ని నేను. రాజమండ్రిలో ఒక మేడ మీద రెండు గదులు. పోటీ పరీక్షల పిల్లలు వస్తారు, పేజీ మీద చూపును పరిగెత్తించడం నేర్చుకుంటారు, ఉద్యోగం రాగానే మళ్ళీ ఆ వీధి మొహం చూడరు. పోనీలెండి, ఎక్కడున్నా చల్లగా ఉండాలి. నా పేరు వింధ్యావళి. నోరు కొంచెం దురుసు. ముందే చెప్పేస్తే ఆనక గొడవుండదు కదా.

ఒకరోజు డాక్టర్ రెబ్కా ఫోన్ చేశారు. ఆవిడ మెదడు డాక్టరు. కడియం దారిలో సొంతంగా పరిశోధనశాల నడుపుతున్నారని వినడమే తప్ప నాకు పరిచయం లేదు.

"ఒక పెద్దావిడకి వేగంగా చదవడం నేర్పాలి. ఎంత తొందరగా నేర్పితే అంత మంచిది," అన్నారు.

"ఈ వయసులో ఏ పరీక్ష రాస్తుందండీ?"

"పరీక్ష కాదు. ఒక మనిషి చెప్పేది వినాలి. కళ్ళతో."

నాకు పొడుపు కథలంటే చిరాకు. ఆ మాటే అనేశాను. "అయితే వచ్చి చూడండి," అని పెట్టేశారు.

వెళ్ళేసరికి వరండాలో బల్ల మీద ఒకావిడ కూర్చుని ఉంది. యాభై దాటి ఉంటాయి. గోళ్ళలో నల్లమట్టి. గోడ మీదున్న 'చెప్పులు బయట విడువవలెను' అన్న బోర్డును గాలిలో వేలు ఆడిస్తూ, పెదాలు కదుపుతూ చదువుతోంది. ఆవిడ దాన్ని పూర్తి చేసేలోగా నేను చెప్పులు విప్పి, కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని వచ్చి పక్కన కూర్చున్నాను. ఈవిడకా నేను నేర్పాలి, ఓరి దేవుడా, అనుకున్నాను.

"అయిదో తరగతి దాకా చదివానండి, ఆయ్," అంది ఆవిడ, నా మొహం చదివేసినట్టు. "ఆ తరవాతంతా మొక్కలకి నీళ్ళు పోయడవేనండి. నా పేరు వీరవేణండి."

లోపలి గదిలో మంచం మీద ఇంకొక ఆవిడ. పేరు మంగతాయారు. పక్షవాతం వచ్చి ఒంట్లో ఏ అవయవమూ కదలడం లేదు. ముక్కులో గొట్టం, దాంట్లోంచే తిండి. తలకు చుట్టిన పట్టీలోంచి ఒక సన్నటి తీగ వచ్చి, పక్కనే ఉన్న నల్లగుడ్డ గూట్లోకి పోతోంది. పాతకాలపు ఫొటో స్టూడియోల్లో ఉండే గూడు లాంటిదే.

"దీని పేరు మనోలిపి," అన్నారు డాక్టర్ రెబ్కా. "ఈవిడ మనసులో మాటగా రూపం కట్టిందల్లా ఆ గూట్లో తెర మీద అక్షరాలై పారుతుంది. పారినట్టే పోతుంది."

"నెమ్మదిగా చూపించొచ్చుగా? చదువుకునేవాళ్ళ ప్రాణం సుఖపడుతుంది."

"నెమ్మదిగా చూపించాలంటే, ఆ కాసేపైనా ఎక్కడో ఒకచోట దాచాలి. మనిషి మనసును యంత్రంలో దాచిపెట్టడం నేరం. ఆ చట్టం రావాలని కొట్లాడినవాళ్ళలో నేనూ ఉన్నాను. చదివేది కూడా ఒక్కరే. ఆ ఒక్కరినీ రోగే ఎంచుకోవాలి."

నాకు ఆవిడ మీద గౌరవం కలిగింది. తన యంత్రానికి తనే కళ్ళెం వేసుకునేవాళ్ళను నేను అంతవరకూ చూడలేదు.

మంగతాయారుకు మొదట్లో ఎడమ కనురెప్ప ఒకటి కదిలేదట. కొడుకు పేరు, కూతురు పేరు, చెల్లెలి పేరు, అన్నీ చదివి వినిపించారు. రెప్ప కదల్లేదు. ఊరికే పేర్ల వరస పూర్తి చెయ్యాలని వీరవేణి పేరు చదివితే టపటపా కొట్టేసిందట. తర్వాత ఆ రెప్ప కూడా పడిపోయింది.

"నువ్వు ఆవిడకు ఏమవుతావు?" అని అడిగాను వీరవేణిని.

"తోటికోడలినండి. మా బావగారి పెళ్ళావండి ఆవిడ. మాకు మాటల్లేవండి."

"అంటే?"

"మా రెండు నర్సరీల మధ్యన కంచె ఏసిన కాణ్ణించి లేవండి. బోరు నీళ్ళ కాడ మొదలైందండి గొడవ. నన్ను దొంగమొహందానా అంది. నేనూ ఊరుకోలేదనుకోండి."

"మరి నిన్నెందుకు ఎంచుకుంది?"

వీరవేణి కొంగుతో మూతి తుడుచుకుంది. "మొదట్రోజు నాకు చిక్కిన ముక్క అదేనండి. కన్నకొడుకు నా బుర్రలో చెత్త చూడకూడదంట. దీనికైతే నేనెలాంటిదాన్నో ముందే తెలుసు, కొత్తగా పోయే పరువేం లేదంట. చూశారా అండి దాని టెక్కు!"

నేను పకపకా నవ్వాను. తిట్టుకుంటూ కూడా రోజూ బస్సెక్కి వస్తోందంటే ఈ మనిషిలో ఏదో ఉంది అనిపించింది.

ఆ రోజే మొదటిసారి ఆవిడ చదవడం చూశాను. చూశానంటే, గూట్లోని అక్షరాలు నాకు కనపడవు. చదివేవాళ్ళ చూపు ఎక్కడుందో చెప్పే చుక్క ఒకటి నా చేతిలోని పలక మీద కదులుతుంది, అంతే. మంగతాయారు మనసు నిమిషానికి మూడొందల మాటల వేగంతో పారుతోందని యంత్రం చెప్పింది. వీరవేణి అరవై కూడా అందుకోలేకపోతోంది. చుక్క ముందుకు రెండడుగులు వేస్తుంది, వెనక్కి ఒకటి వేస్తుంది, ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆగిందంటే నల్లగుడ్డలోంచి అరుపు.

"ఏటే? నీ గులాబీలకి తెగులు నా తోటలోంచి వచ్చిందా? నీ కళ్ళు పోనూ!"

ఈవిడ ఆ జవాబు చెప్పి ముగించేలోగా తెర మీద ఎన్ని లైన్లు పోయేవో. డాక్టర్ రెబ్కా తల పట్టుకున్నారు. తీగ చుట్టూ కండ పెరుగుతోందట. కొన్ని నెలల్లో అది మూసుకుపోతే ఇక మంగతాయారు మాట ఎవరికీ అందదు.

మర్నాటి నుంచి సాధన మొదలుపెట్టాం. వేగంగా చదవడం మంత్రం కాదు, మాయ కాదు. రోజూ చెయ్యాల్సిన కసరత్తు. వీరవేణి గొణుగుడు మాన్పించడానికి బుగ్గన వక్క పెట్టించాను. నోరు వక్కతో తీరిక లేకుండా ఉంటే పెదాలు అక్షరాల జోలికి పోవు. వెనక్కి చూసే అలవాటు పోవడానికి, చదివిన లైనును అట్టముక్కతో కప్పుకుంటూ పొమ్మన్నాను. ఒక్కొక్క మాటా కాకుండా మూడేసి మాటల్ని ఒక్క చూపులో పట్టమన్నాను. ఇంగ్లీషు పుస్తకాల్లో అక్షరాల పైభాగం చూస్తే చాలంటారు. మనకు అది కుదరదు, ఒత్తులన్నీ కింద వేలాడుతుంటాయి. అందుకని చూపును లైనుకు కాస్త దిగువన నిలపమన్నాను. పేజీ అయ్యాక పుస్తకం మూసి, చదివింది ఒక్క ముక్కలో చెప్పాలి. చెప్పలేకపోతే మళ్ళీ మొదటికి.

"మేడంగారూ, మీరు నన్ను గానుగెద్దులా తిప్పేత్తన్నారండి," అనేది.

"నువ్వు ఎద్దువి. నేను తోలేదాన్ని. కానీ."

నేను తిట్టినకొద్దీ ఆవిడ పట్టుదల పెరిగేది. నర్సరీకి వెళ్ళి చూస్తే, బంతి నారు పోసిన సంచుల మధ్య ఎరువు బస్తాను పీటగా చేసుకుని, దినపత్రిక మోకాళ్ళ మీద పరుచుకుని అట్టముక్క జరుపుకుంటూ ఉండేది. మొక్కలు కొనడానికి వచ్చినవాళ్ళు పిలిస్తే "పేరా అయిపోనివ్వండి బాబూ" అనేది. బస్సులో వస్తూ దారిపొడుగునా దుకాణాల బోర్డులు చదివేది. మొదట్లో బస్సు ఆగితేనే చదవగలిగేది, తర్వాత పరిగెడుతుంటే చదివేది. ఒకరోజు వచ్చి, "మేడంగారూ, రామారావు ఉత్త పిచ్చోడండి, ఆ అమ్మాయి రెండో పేజీలోనే ఒప్పేసుకుంది, ఆడికి ఆఖరి దాకా తెలీలేదు," అంది. వారపత్రిక కథలో నాయకుడి సంగతి అది. కథంతా ఒక్క ముక్కలో! నాకు కళ్ళు చెమర్చాయి. ఇరవై ఏళ్ళుగా నేర్పుతున్నాను, పుస్తకం అంటే అంత ఆకలి ఉన్న విద్యార్థి నాకు దొరకలేదు.

వేగం పెరిగింది. అరవై నూటయాభై అయింది, నూటయాభై మూడొందలు దాటింది. కాగితం మీద బాగానే ఉండేది. నల్లగుడ్డలోకి తల దూర్చగానే మాత్రం మళ్ళీ చుక్క ఆగేది, అరుపు వినపడేది.

ఇంతలో తీగ మూసుకుపోయే సమయం దగ్గరపడింది. కొత్త తీగ పెట్టాలంటే మళ్ళీ తల తెరవాలి. ఆవిడ వయసుకు అది ప్రాణగండం. పెట్టకపోతే మాట పోతుంది. అసలు ఈ బతుకే వద్దనుకుంటే, ముక్కులో గొట్టం తీసెయ్యమని అడిగే హక్కు కూడా ఆవిడకు ఉంది. ఏదైనా ఆవిడే చెప్పాలి, వీరవేణి చదివి చెప్పాలి. ఇలాంటివి తేల్చే ఆసుపత్రి సంఘం ఆ మాటనే పాటిస్తుంది.

మంగతాయారు కొడుకు తాతాజీ కూడా ఆ రోజు వచ్చాడు. తల్లి నర్సరీని ఇప్పుడు చూసుకుంటున్నది అతనే. డాక్టర్ రెబ్కా మంచం దగ్గర వంగి, మూడు దారులూ విడమరిచి చెప్పారు. వీరవేణి గూట్లోకి వెళ్ళింది. చుక్క కొంతదూరం చక్కగా పరిగెత్తింది. ఆ తర్వాత ఒకచోట ఆగింది. అరుపు రాలేదు. నల్లగుడ్డ వణుకుతోంది. లోపల ఆవిడ ఏడుస్తోంది.

బయటికి వచ్చాక తాతాజీ ఎదురెళ్ళాడు. "అమ్మ ఏవంది పిన్నీ?"

"చెప్పను."

"చెప్పకపోవడం ఏంటి?"

"ఒక మాట చదివానురా. గుండె పగిలినట్టయింది, కళ్ళు కనపడలేదు. తుడుచుకునేలోగా మిగతాదంతా పోయింది. సగం చదివిన దాని మీద మనిషి ప్రాణం నేను తేల్చను. డాక్టరుగారూ, నాకింకొన్ని రోజులు ఇవ్వండి."

తర్వాత నాకు ఒక్కదానికే చెప్పింది. చదివిన మాట 'ఇలా బతకడం కన్నా పోవడం నయం' అట. దాన్ని అలాగే చెప్పేసి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. గొట్టం తీసేసేవారు, కంచె అవతలి పోరు కూడా తీరిపోయేది. నాకు ఆ క్షణాన ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టలేదనుకోండి, టీ మాత్రం నా డబ్బులతో తాగించాను.

ఆవిడను ఆపుతున్నది కన్ను కాదని అప్పటికి నాకు అర్థమైంది. తోటికోడలు అన్నదానికి జవాబు చెప్పకుండా ఉండలేదు, ఏడిస్తే చూస్తూ దాటిపోలేదు. అవతలి మనిషి చెప్పడం అయ్యేదాకా ఓర్చుకోవడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. దానికి నేనొక మందు తయారు చేశాను. ఇంట్లో కూర్చుని, వీరవేణిని తిడుతూ పేజీలకు పేజీలు రాశాను. నేను ఈ పనికే పుట్టానేమో అనిపించేంత హాయిగా రాశాను. 'నీ మొహానికి నర్సరీ ఒకటా, నువ్వు నాటితే ప్లాస్టిక్ మొక్క కూడా ఎండిపోతుంది' అని మొదలు. మధ్య మధ్యలో కడుపు తరుక్కుపోయే సంగతులు కూడా పెట్టాను. వక్క బుగ్గన పెట్టుకుని, ఆపకుండా, మారు మాట్లాడకుండా చివరిదాకా చదవాలి.

మొదటి పేజీకే వక్క ఊసేసింది. "ప్లాస్టిక్ మొక్కా! ఎవత్తండి రాసింది?"

"నేనే. మళ్ళీ మొదటి నుంచి."

అలా కోపంతో చదివింది, ఏడుస్తూ చదివింది, నవ్వుతూ చదివింది. ఒకరోజు కట్టంతా ఇచ్చాను. బల్ల మీద చెయ్యి కదలకుండా, మొహంలో గీత మారకుండా, పేజీ తర్వాత పేజీ తిప్పుకుంటూ పోయింది. అయ్యాక కాగితాలు సర్దిపెట్టి, "ఇందులో తిట్లన్నీ పైపైనండి. ఈవిడ బాధేంటంటే, తనతో ఎవరూ మాట్లాడట్లేదని," అంది.

నేను అలా అనుకుని రాయలేదు. కానీ ఆలోచిస్తే, ఒంటరిగా రెండు గదుల్లో ఉండేదాన్ని, నిజమే రాశానేమో. నాకు కోపం కూడా వచ్చింది. గురువునే చదివేస్తుందా!

మళ్ళీ అందరం గదిలో చేరాం. డాక్టర్ రెబ్కా అవే ప్రశ్నలు మళ్ళీ అడిగారు. వీరవేణి గూట్లోకి తల దూర్చింది. నా పలక మీద చుక్క బయల్దేరింది. ఎడమ నుంచి కుడికి, ఒక్కొక్క లైనుకు మూడు గెంతులు, మళ్ళీ ఎడమకు. వెనక్కి పోలేదు. ఆగలేదు. ఎక్కడో ఒకచోట కొంచెం తడబడింది. మళ్ళీ అందుకుంది. బయట ఎవరో బకెట్ కిందపడేసినా అది బెదరలేదు. ఆవిడ ఆ రోజు చదివినట్టు నేను నా జన్మలో చదవలేదు, చదవలేను కూడా. చాలాసేపటికి తల బయటికి తీసింది. జుట్టంతా చెమటతో అతుక్కుపోయి ఉంది.

"ముక్కులో గొట్టం తియ్యొద్దంది," అంది. "కొత్త తీగ మాత్రం వద్దంది."

తాతాజీ లేచి నిలబడ్డాడు.

"పోవడం నయం అని ఇయ్యాలా అందిరా. రోజూ అంటాది, ఇంజెక్షన్ పొడిచినప్పుడల్లా. రెండు లైన్లు దాటితే, గులాబీ అంట్లకి ఎవరు నీళ్ళు పోత్తన్నారో అని బెంగ. నీ కూతురికి చెవులు కుట్టించారా అని బెంగ. దానికి చావాలని లేదు. కానీ తలుపుల్లేని ఇంట్లో కాపరం చేత్తన్నట్టుందంట. ఏం అనుకున్నా ఇంకోళ్ళకి కనపడిపోతాది. మంచంలో పడ్డాక దానికి మిగిలింది ఆ ఆలోచనేరా, అది కూడా దానిది కాకుండా పోయిందంట. చాలంది. తీగ మూసుకుపోతే పోనివ్వండి, నా బుర్ర నాకు వదిలెయ్యండి, రోజూ కాసేపు ఎండలో మొక్కల మధ్యన పడుకోబెట్టండి, అంది."

డాక్టర్ రెబ్కా మొహం తెల్లబోయింది. జీవితమంతా పెట్టి కట్టిన యంత్రం గురించి ఆవిడ అలాంటి మాట వింటానని అనుకోలేదు. అయినా ఒక్క మాట కూడా అడ్డు చెప్పలేదు.

తాతాజీ ఊరుకోలేదు. "అబద్ధం! ఇక జన్మలో మాట్లాడలేనని తెలిసి, ఏ మనిషైనా వద్దంటుందా? మా అమ్మ నోరు మూయించాలని నీకు ఎప్పట్నుంచో ఉంది. ఎవరూ చూడరు కదా, నీ ఇష్టమొచ్చింది చెప్పేత్తన్నావు."

నాకు తిక్క రేగింది. "ఏమయ్యా, ఆవిడ చూపు ఒక్క లైను వదల్లేదు, నేను చూశాను," అన్నాను. అన్నాక ఆగాల్సి వచ్చింది. చూపు వదల్లేదని నా పలక చెప్పగలదు. చదివింది చదివినట్టు చెప్పిందో లేదో దానికి తెలీదు. ఆ గదిలో ఎవరికీ తెలీదు, మాట్లాడలేని మంగతాయారుకు తప్ప.

వీరవేణి అరుస్తుందనుకున్నాను. అరవలేదు. అతను అనాల్సిందంతా అనేదాకా చూసి, అప్పుడు అంది.

"నేనే అబద్ధం ఆడేదాన్నైతే, 'కొత్త తీగ ఎయ్యండి' అని చెప్పేదాన్నిరా. పాతికేళ్ళు కంచె ఇవతల కూకుని అది ఎలాంటిదో నాకు తెలుసనుకున్నాను. ఏం తెలీదు నాకు. ఇప్పుడు రోజూ చదువుతుంటే దాన్ని వదిలి ఇంటికెళ్ళబుద్ధి అవట్లేదు. నాకు కావాలిరా దాని మాట. నీకన్నా నాకే ఎక్కువ కావాలి. కానీ అది నా కోరిక. మీ అమ్మది కాదు."

తాతాజీ పిన్ని భుజం మీద తల పెట్టి భోరుమన్నాడు. సంఘం వాళ్ళు వీరవేణి చెప్పిందే నమోదు చేసుకున్నారు.

తీగ ఇంకో రెండు వారాలు పనిచేసింది. వీరవేణి ఒక్కపూట కూడా మానలేదు. గూట్లో కూర్చుని మౌనంగా చదివేది, చదివినదాని గురించి ఎవరితోనూ అనేది కాదు. ఒకరోజు మధ్యాహ్నం నా పలక మీద చుక్క నిలిచిపోయింది. చదవడానికి లోపల ఏమీ రావడం లేదు.

మొన్న కడియం వెళ్ళాను, రెండు కరివేపాకు మొక్కలు కొనే నెపం మీద. మంగతాయారు మంచాన్ని ఎండపొడ తగిలేచోట, గులాబీ అంట్ల మధ్య వేశారు. వీరవేణి పక్కనే కూర్చుని సంచుల్లో మట్టి నింపుతోంది. ఇద్దరి మధ్యా మాటల్లేవు. చూడ్డానికి ఎంత హాయిగా ఉందో.

తాతాజీ ఒక స్టూలు పట్టుకుని వచ్చాడు. చాలాసేపు తటపటాయించి అడిగాడు. "పిన్నీ, అమ్మ అంతకాలం నా గురించి ఏమనుకుంది? అంతా చెప్పు."

"అంతా చెప్పకూడదు. అది మీ అమ్మ సొత్తు."

అతని మొహం చిన్నబోయింది. వీరవేణి మంగతాయారు వైపు ఒకసారి చూసి, చేతి మట్టి దులుపుకుంది.

"నీకు చెప్పమన్నయ్యి కొన్ని ఉన్నాయి. అయ్యే చాలా ఉన్నాయి. స్టూలు ఇలా జరుపుకుని కూర్చో."